షాక్‌వేవ్ చికిత్సకు మత్తు: ఎప్పుడు, ఎక్కడ, ఎంత

తిరుపతిలో ఎముకల డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, మత్తు విభాగం పీజీలు, థియేటర్ సిస్టర్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, పునరుక్తులు మాత్రం తీసేసి ఇస్తున్నాం.

అందరికీ నమస్కారం. వెనక వరకు వినబడుతోందా? సరే.

మత్తు డాక్టరును పిలిచి షాక్‌వేవ్ గురించి, అంటే బయటి నుంచి పీడన అలల దెబ్బలు కొట్టి చేసే చికిత్స గురించి మాట్లాడమంటే ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు అనే లెక్కతో మొదలుపెడతారని అనుకుంటారు. ఆ లెక్కకూ వస్తాను. ముందు మాత్రం దానికి ఎదురుమాట చెప్పాలి. మడమ నొప్పికో మోచేతి నొప్పికో మామూలు మోతాదులో షాక్‌వేవ్ పెడుతున్నప్పుడు, నొప్పి ఉన్నచోట జైలోకెయిన్ సూది, అంటే మొద్దుబరిచే లిగ్నోకెయిన్ మందు సూది వేయకండి. వేస్తే పేషెంటు హాయిగా పడుకుంటాడు, మనకూ పని తేలిక. చికిత్స ఫలితం మాత్రం పడిపోతుంది. ఈ రోజు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇదే పెట్టుకోండి.

మిషన్ల సంగతి క్లుప్తంగా చూద్దాం, ఎందుకంటే నొప్పి ఎక్కడ పుడుతుందో మిషన్‌ను బట్టే ఉంటుంది. ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించేది రేడియల్ మిషన్. హ్యాండ్‌పీస్ లోపల గాలి ఒత్తిడికి చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి మొనను గుద్దుతుంది. ఒత్తిడి ఒకటిన్నర నుంచి నాలుగు బార్లు, సెకనుకు ఎనిమిది, పది దెబ్బలు. దీని బలమంతా చర్మం దగ్గరే, లోపలికి పోయేకొద్దీ చెదిరిపోతుంది. రెండోది ఫోకస్డ్. స్పార్క్‌తోనో, విద్యుదయస్కాంతంతోనో, పీజో స్ఫటికాలతోనో అలను పుట్టించి, భూతద్దంతో ఎండను ఒక చుక్క దగ్గర చేర్చినట్టు లోపల ఒకచోట చేరుస్తారు. చర్మం దగ్గర పలచగా ఉంటుంది, ఎముక దగ్గర గట్టిగా తగులుతుంది. అక్కడ కొన్ని నానోసెకన్లలోనే పీడనం పదుల మెగాపాస్కళ్ళకు ఎక్కి, వెంటనే సున్నా కిందకు దిగుతుంది. ఆ దిగుడులోనే కణజాలంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతాయి.

ఫోకస్డ్ మిషన్‌లో మోతాదును చదరపు మిల్లీమీటరుకు ఇన్ని మిల్లీజౌళ్ళు అని కొలుస్తారు. 0.08 లోపు తక్కువ, 0.28 వరకు మధ్యస్థం, అది దాటితే ఎక్కువ. ఇక నుంచి నేను 0.09, 0.25 అంటే ఈ లెక్కే. మత్తు కావాలా వద్దా అనేది ముక్కాలు వంతు ఈ అంకెతోనే తేలిపోతుంది.

ఒక మాట పక్కకు వెళ్ళి చెప్తాను. కిడ్నీ రాళ్ళకు ఈ అలలు మొదట 1980లో మ్యూనిక్‌లో వాడారు. అందుకే మన పేషెంట్లు "మడమ ఎముక పెరిగింది, దాన్ని పొడి చేస్తారంట గదా సార్" అని వస్తారు. పొడి చేయం. ఎక్స్‌రేలో కనిపించే ఆ మొన చికిత్స తర్వాత కూడా అక్కడే ఉంటుంది, ఉన్నా నొప్పి పోవచ్చు. ఇంకొందరికి కరెంటు పెడతారేమోనని భయం. ఈ రెండూ ముందే తేల్చి చెప్పండి. భయం దిగితే అడిగే మత్తు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం. సూది ఎందుకు వద్దు?

మడమ దగ్గర ఫిజియో ఏం చేస్తాడో గమనించండి. బొటనవేలితో మడమ లోపలి అంచున నొక్కుతూ, హ్యాండ్‌పీస్‌ను తక్కువ బలంతో ఆనించి అడుగుతాడు. "ఇక్కడేనామ్మా?" "ఆడ గాదు నాయనా, ఇంకొంచెం లోపలికి..." మూడు మిల్లీమీటర్లు జరుపుతాడు. "ఆ, ఆడే! అదే నొప్పి!" రోజూ పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెట్టినప్పుడు ఏ నొప్పి వస్తుందో, సరిగ్గా అదే నొప్పి మిషన్ కింద రావాలి. వస్తే గురి కుదిరినట్టు. ఫోకస్డ్ మిషన్‌లో బలం చేరే చోటు కొన్ని మిల్లీమీటర్ల వెడల్పే. సూది వేశారంటే పేషెంటు ఇక చెప్పలేడు, మీరు అంచనాతో కొడతారు. నొప్పి పేషెంటు చేతిలో ఉన్న కొలబద్ద, దాన్ని మనమే లాక్కోకూడదు.

రెండో కారణం లోతైనది. నొప్పిని మోసే సన్న నరాలు, అంటే సి-ఫైబర్లు, దెబ్బ తగలగానే వార్తను మెదడుకు పంపి ఊరుకోవు. వాటి కొసల నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పదార్థాలు అక్కడికక్కడే విడుదలవుతాయి. రక్తనాళాలు విచ్చుకుంటాయి, చర్మం ఎర్రబడుతుంది. ఒక కొమ్మలో పుట్టిన సంకేతం అదే నరం పక్క కొమ్మలోకి మళ్ళి, వెన్నుపాము దాకా పోకుండానే ఈ పని చేయిస్తుంది. దీన్నే ఆక్సాన్ రిఫ్లెక్స్ అంటాం. షాక్‌వేవ్ చేసే మేలులో దీనికి వాటా ఉందనే వాదన బలమైనది. నరం కొసల మీదే జైలోకెయిన్ పోస్తే ఈ గొలుసు మొత్తం మూగబోతుంది. అదే నరాన్ని పైన, దూరంగా బ్లాక్ చేస్తే, అంటే నరం చుట్టూ మత్తు మందు వేసి మొద్దుబరిస్తే, నొప్పి మెదడుకు చేరదు గానీ కింద కొసల దగ్గర ఆక్సాన్ రిఫ్లెక్స్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పీజీలు ఈ తేడా రాసుకోండి. "ఎక్కడ" అనే ప్రశ్న "ఎంత" అనే ప్రశ్న కంటే పెద్దదైంది ఇందువల్లే.

మూడోది చిన్నదే. సూదితో పది మిల్లీలీటర్ల నీళ్ళు, దాంతో పాటు ఒకటి రెండు గాలి బుడగలు లోపలికి పోతాయి. గాలి ఎదురైతే షాక్‌వేవ్ ముందుకు పోదు, వెనక్కు తిరుగుతుంది.

ఇది పుస్తకాల తర్కం మాత్రమే కాదు. 2003లో జర్మనీలో మడమ నొప్పి మీద 272 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. మూడు సిట్టింగులు, ప్రతిసారీ 4000 దెబ్బలు, 0.08 మోతాదు, అందరికీ ముందుగా మడమలో మత్తు సూది. పన్నెండు వారాలకు చూస్తే అసలు చికిత్స అందినవాళ్ళలో 34 శాతం, ఉత్తుత్తి చికిత్స అందినవాళ్ళలో 30 శాతం బాగున్నారు. షాక్‌వేవ్ పనికిరాదని చాలామంది అప్పుడే తేల్చేశారు. 2005లో 86 మందిని రెండు గుంపులు చేసి, ఇద్దరికీ ఒకటే చికిత్స ఇచ్చారు: వారానికోసారి మూడుసార్లు, 2000 దెబ్బల చొప్పున, 0.09 మోతాదులో. తేడా ఒక్కటే, ఒక గుంపుకు సూది ఉంది, ఇంకో గుంపుకు లేదు. మూడు నెలలకు నొప్పి కనీసం సగం తగ్గినవాళ్ళు సూది లేని గుంపులో 67 శాతం, సూది వేసిన గుంపులో 29 శాతం. ఆ తర్వాత 2015లో అమెరికాలో 250 మందితో వచ్చిన పరీక్షలో ఎవరికీ సూది వేయకుండానే 0.25 దాకా వెళ్ళారు. మడమ నొప్పి దాదాపు 69 శాతం తగ్గింది, ఉత్తుత్తి గుంపులో 35 శాతం లోపే.

సూది లేకుండా 0.25 ఎలా ఓర్చుకున్నారు? మెల్లగా ఎక్కించారు, అంతే. మొదటి ఐదు వందల దెబ్బలు 0.01 నుంచి మొదలుపెట్టి నిదానంగా పెంచుకుంటూ పోయారు. మనమూ అదే చేయాలి. ఒకేచోట దెబ్బలు పడుతుంటే రెండు మూడు నిమిషాల్లో ఆ చోటు మొద్దుబారుతుంది, అప్పుడు ఇంకో మెట్టు ఎక్కించండి. పదికి ఎంత నొప్పి అని అడుగుతూ ఉండండి, ఐదారు దాటితే పెంచడం ఆపండి, ఏడు అంటే ఒక మెట్టు దిగండి. మొదటి సిట్టింగులో అనుకున్న మోతాదు చేరకపోయినా మునిగిపోయేదేం లేదు, రెండో వారంలో చేరతారు. రేడియల్‌లో కూడా అంతే: ఒకటిన్నర బార్‌తో మొదలుపెట్టి, మొదటి మూడు నాలుగు వందల దెబ్బల్లో రెండున్నరకు తేవచ్చు. మొదటి దెబ్బే మూడు బార్లతో కొట్టి, పేషెంటు ఎగిరిపడగానే "మత్తు డాక్టరును పిలవండి" అనడం మాత్రం న్యాయం కాదు.

పూత మందులు వాడొచ్చా అంటారు. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ రెండున్నర శాతం చొప్పున కలిపిన క్రీమ్ దొరుకుతుంది. మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర అంటించి గంట ఉంచితే మూడు మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. ఫోకస్డ్ చికిత్సలో నొప్పి ఎముక పై పొర దగ్గర పుడుతుంది కాబట్టి అది అక్కడికి చేరదు. చెప్పుల్లేకుండా తిరిగే మన పల్లెల అరికాలు చర్మం మీదైతే మరీ దండగ. మోచేతి దగ్గర రేడియల్‌కు, చర్మం పలచగా ఉన్నచోట, చురుకు కొంచెం తగ్గించడానికి పనికొస్తుంది. రాస్తే మాత్రం చికిత్సకు ముందు పూర్తిగా తుడిచి, కొత్తగా జెల్ వేయండి. జెల్ సీసాను ఊపకండి. బుడగలు కనిపిస్తే తుడిచి మళ్ళీ వేయండి. దెబ్బ లోపలికి పోక, చర్మం మీదే చురుక్కుమని, మచ్చలు పడుతున్నాయంటే ముందు చూడాల్సింది జెల్‌నే.

ఇక మత్తు తప్పనిసరి అయ్యే చోట్లు. 0.3 దాటిన మోతాదు, అతుక్కోని ఎముక విరుపులు, తుంటి బంతి చచ్చిపోవడం, భుజంలో సున్నం పేరుకుని ఎక్కువ మోతాదు అవసరమైనవి.

మడమకు ఒకే సిట్టింగులో ఎక్కువ బలంతో చేసే పద్ధతి ఉంది. 2000లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ మొదట అనుమతించింది అలాంటి స్పార్క్ మిషన్‌నే: 18 కిలోవోల్టులు, 1500 దెబ్బలు, చీలమండ బ్లాక్ ఇచ్చి. దీనికి మనం చేసే బ్లాక్ ఇది. మడమకు స్పర్శనిచ్చేవి ప్రధానంగా టిబియల్ నరం, బయటి వైపు స్యూరల్ నరం. టిబియల్ నుంచి మడమకు పోయే కొమ్మ చాలామందిలో చీలమండకు పైనే విడిపోతుంది. అందుకే లోపలి చీలమండ ఎముక వెనకే సూది వేస్తే అరికాలంతా మొద్దుబారి మడమ మాత్రం మిగిలిపోతుంది, సరిగ్గా మనకు కావాల్సిన చోటే. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను ఎముకకు నాలుగు వేళ్ళ పైన పెట్టండి. కొట్టుకుంటున్న ధమనికి వెనక పక్కన, తేనెపట్టు గదుల్లా గుల్లగుల్లగా కనిపించేదే నరం. చుట్టూ మందు చేరేలా ఐదారు మిల్లీలీటర్లు. స్యూరల్‌కు బయటి చీలమండకు, వెనక టెండన్‌కు మధ్య చర్మం కింద మూడు నాలుగు.

మందు: రెండు శాతం లిగ్నోకెయిన్ ఏడున్నర మిల్లీలీటర్లు, సెలైన్ రెండున్నర. పది మిల్లీలీటర్లలో 150 మిల్లీగ్రాములు. కిలోకు మూడు మిల్లీగ్రాముల లెక్కన అరవై కిలోల మనిషికి హద్దు 180, అంటే లోపలే ఉన్నాం. నలభై ఐదు కిలోల ముసలమ్మకు హద్దు 135 మాత్రమే, అప్పుడు ఒక శాతానికి పలచన చేయండి. పావుగంట ఆగండి. మడమ మీద ఐస్ ముక్క పెట్టి చల్లదనం తెలియలేదంటేనే మొదలుపెట్టండి. పాదంలో రక్తప్రసరణ అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళకు అడ్రినలిన్ కలపకండి.

ఎక్కువసేపు పనిచేసే బుపివకెయిన్ ఇక్కడ వద్దంటాను, ఎందుకంటే చికిత్స అరగంట, మొద్దు పది పన్నెండు గంటలు. పేషెంటు సాయంత్రం బస్సెక్కి చంద్రగిరో పీలేరో వెళ్ళిపోతాడు. మేకు గుచ్చుకున్నా, బండి సైలెన్సర్ తగిలినా తెలియదు. మోకాలి వెనక బ్లాక్ చేస్తే పాదం పైకెత్తలేడు, పడిపోతాడు. చీలమండ దగ్గర చేస్తే నడవగలడు, కానీ అరికాలు కింద నేల తెలియదు.

ఏ బ్లాకైనా ఇచ్చే ముందు ఒక పని ఉంది, చాలాచోట్ల ఇదే మరిచిపోతారు. పేషెంటు మెలకువగా ఉండగా నొప్పి చోటు నొక్కి, పెన్నుతో గుర్తు పెట్టాలి. అదీ చికిత్స ఏ భంగిమలో చేస్తారో అదే భంగిమలో పడుకోబెట్టి. వెల్లకిలా పెట్టిన గుర్తు బోర్లా తిప్పితే చర్మంతో పాటు జరుగుతుంది. స్పిరిట్‌తో తుడిచినప్పుడు చెరిగిపోని పెన్ను వాడండి. బ్లాక్ తర్వాత ఆ గుర్తు తప్ప మనకు వేరే దారి చూపేవాళ్ళు ఉండరు.

మడమ వెనక టెండన్ విషయంలోనూ ఇదే. ఎక్కువ మోతాదు చికిత్స మీద 2006లో వచ్చిన పరిశీలనలో, టెండన్ చుట్టూ మత్తు పోసినవాళ్ళకు వేరే రకం మత్తు తీసుకున్నవాళ్ళకంటే మేలు తక్కువగా కనిపించింది. పైన ఇవ్వండి, చుట్టూ పోయకండి.

భుజానికి చాలామంది మెడ పక్కన ఇచ్చే ఇంటర్‌స్కేలిన్ బ్లాక్ అంటారు. ఇరవై మిల్లీలీటర్లు పోస్తే అదే వైపు డయాఫ్రమ్, అంటే ఊపిరి తీయించే కండరం, దాదాపు అందరిలోనూ పడిపోతుంది. బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైన మనిషికి అది చాలు ఆయాసం రావడానికి. కూర్చోబెట్టి చేస్తే ఉన్నట్టుండి నాడి, బీపీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. సున్నం తీయడానికి సుప్రాస్కాపులర్ నరం చాలు. భుజం కీలు స్పర్శలో సుమారు 70 శాతం దానిదే. అల్ట్రాసౌండ్ కింద ఐదారు మిల్లీలీటర్లు, సూది మొన ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి, కిందే ఊపిరితిత్తి ఉంది. అలను కూడా ఛాతీ వైపు గురిపెట్టకూడదు. ఊపిరితిత్తి అంటే గాలి సంచి, అక్కడ దెబ్బ పడితే రక్తం చిమ్ముతుంది.

అతుక్కోని ముంగాలి ఎముకకు స్పైనల్, అంటే నడుము దగ్గర వెన్నులోకి ఇచ్చే మత్తు, సరిపోతుంది. 0.5 శాతం హెవీ బుపివకెయిన్ రెండు మిల్లీలీటర్లు, సన్నని 27 నంబరు సూది. సెకనుకు నాలుగు చొప్పున 4000 దెబ్బలంటే పదిహేడు నిమిషాలే, కానీ సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే మిషన్‌తో విరుపు గీతను రెండు మూడు కోణాల్లో పట్టుకోవడానికే అరగంట పోతుంది. ఎపిడ్యూరల్, అంటే వెన్నుపాము పొర బయట ఇచ్చే మత్తు, పెడితే గాలితో కాదు, సెలైన్‌తోనే చోటు కనుక్కోండి. కిడ్నీ రాళ్ళను ఇవే అలలతో పగలగొట్టే లిథోట్రిప్సీ నేర్పిన పాఠమిది. చికిత్స తర్వాత కాలు బిగుసుకుని వాస్తుందేమో చూడాలి. స్పైనల్ దిగేదాకా పేషెంటు చెప్పలేడు కాబట్టి సిస్టర్లు గంటకోసారి పిక్కను చేత్తో నొక్కి చూడాలి, వేళ్ళను కదిలించి చూడాలి.

తుంటి బంతికి మరీ ఎక్కువ, ఒకే సిట్టింగులో 6000 దెబ్బల దాకా వెళ్ళిన పద్ధతులున్నాయి. దీనికి పూర్తి మత్తే సుఖం. గజ్జల్లో తొడ ధమనిని వేలితోనో డాప్లర్‌తోనో పట్టుకుని, గీత గీసి, దాన్ని తప్పించి కొట్టాలి. స్పార్క్ మిషన్ పటాకుల్లా పేలుతుంది. థియేటర్‌లో ఉన్న అందరికీ, నిద్రలో ఉన్న పేషెంటుకు కూడా, చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్గులు.

ఇప్పుడు నాకు బొత్తిగా నచ్చని పద్ధతి: "కొంచెం మిడజోలం ఇచ్చేద్దాం." మిడజోలం మగత తెచ్చే మందు, నొప్పి తగ్గించదు. సగం నిద్రలో ఉన్న మనిషికి నొప్పి తగిలితే కాలు లాక్కుంటాడు, గురి తప్పుతుంది. నొప్పి కోసం ఫెంటనిల్ కలిపితే ఊపిరి నెమ్మదిస్తుంది. మడమ చికిత్స బోర్లా పడుకోబెట్టి చేస్తారు, ఆ భంగిమలో ఊపిరాగితే ముందు మనిషిని తిప్పాలి. ఆక్సిజన్, సక్షన్, అంబూ బ్యాగ్, మానిటర్, వాటిని వాడగలిగిన మనిషి లేని మేడమీది క్లినిక్కులో సెడేషన్ మాటే ఎత్తకూడదు. ఇచ్చేచోట ఖాళీ కడుపు నియమం ఆపరేషన్‌కున్నట్టే: నీళ్ళు రెండు గంటలు, ఇడ్లీ, పాలు ఆరు గంటలు, నూనె కూడు ఎనిమిది గంటలు. షుగరు వాళ్ళను లిస్టులో మొదట పెట్టండి.

బ్లాక్ ఇచ్చే ప్రతిచోటా 20 శాతం లిపిడ్ ఎమల్షన్, అంటే మత్తు మందు రక్తంలోకి పోతే విరుగుడుగా ఎక్కించే కొవ్వు ద్రావణం, ఉండాలి. నాలుక తిమ్మిరి, నోట్లో లోహం రుచి, చెవుల్లో హోరు అన్నారంటే మందు రక్తంలోకి పోతోందని అర్థం. ఇస్తుంటే ఆపండి, ఆక్సిజన్ పెట్టండి, సాయానికి కేకేయండి. ఫిట్స్ వచ్చినా, గుండె లయ తప్పినా ఫిట్స్ ఆపుతూనే లిపిడ్ మొదలుపెట్టాలి: కిలోకు ఒకటిన్నర మిల్లీలీటరు, అరవై కిలోలకు 90 మిల్లీలీటర్లు, రెండు మూడు నిమిషాల్లో. ఆ తర్వాత నిమిషానికి 15. ఈ లెక్క చీటీ రాసి సీసాకే అంటించండి, ఆ సమయంలో గుణకారాలు రావు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: గుండెకు స్టెంట్ వేసుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళు చాలామంది వస్తారు సార్. ఏం చేయాలి?

తక్కువ మోతాదు రేడియల్‌కు మాత్ర ఆపనక్కర్లేదు, నల్లటి మచ్చలు ఎక్కువ పడొచ్చని ముందే చెప్పండి. స్పైనల్ కావాల్సిన ఎక్కువ మోతాదుకు ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి, కానీ ఆపమనే మాట గుండె డాక్టరు నోటి నుంచి రావాలి, మన నోటి నుంచి కాదు. స్టెంట్ కొత్తదైతే చికిత్సే వాయిదా వేయండి. మడమ నొప్పి ఆర్నెల్లు ఆగుతుంది.

ప్రశ్న: షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కిన పేషెంటు నొప్పి చెప్పలేడు కదా, అతనికి మత్తు లేకుండా ఎంత దాకా వెళ్ళొచ్చు?

నొప్పి చెప్పలేదని బలం పెంచుకుంటూ పోకూడదు. ముందు మోనోఫిలమెంట్‌తో, అంటే స్పర్శ చూసే నైలాన్ పోగుతో, అరికాలు పరీక్షించండి. స్పర్శ లేకపోతే అల్ట్రాసౌండ్‌తో గురి చూసుకుని, మోతాదు మధ్యస్థంలోనే ఆపండి. ప్రతి ఐదు వందల దెబ్బలకు చర్మం చూడండి. అతనికి బ్లాక్ ఇవ్వాల్సిన పని ఎలాగూ ఉండదు.

ప్రశ్న: బ్లాక్ ఇచ్చిన రోజే మెట్ల దారిలో కొండెక్కుతామంటారు. మొక్కు అంటారు, కాదనలేం.

అలిపిరి దారిలో 3550 మెట్లు. అరికాలు తెలియకుండా, అదీ చెప్పుల్లేకుండా ఎక్కనివ్వకండి. స్పర్శ తిరిగొచ్చాక కూడా ఎక్కువ మోతాదు పడిన మడమకు కొన్ని వారాలు ఎగుడు, దూకుడు, పరుగు వద్దు. తేదీ వేసేటప్పుడే అడగండి, మొక్కు ముందు తీర్చుకుని రమ్మనండి. ఆ రోజు దర్శనం టికెట్ ఉంటే బస్సులో వెళ్ళమనండి.

ప్రశ్న: చికిత్స అయ్యాక నొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. మనం కావాలని రేపిన వాపును అది ఆర్పేస్తుంది, ఐస్ కూడా అంతే. పారాసెటమాల్ ఇవ్వండి, ఆరు గంటలకు ఒక గ్రాము, రోజుకు నాలుగు గ్రాములు దాటకుండా. యాభై కిలోల లోపు ఉంటే కిలోకు పదిహేను మిల్లీగ్రాముల లెక్కన తగ్గించండి. తాగుడున్నవాళ్ళకు ఇంకా తక్కువ. నొప్పి రెండు మూడు రోజులు పెరిగి తగ్గుతుందని చీటీ మీద రాసివ్వండి, రాయకపోతే రెండో రోజు మెడికల్ షాపులో అదే డైక్లోఫెనాక్ కొనుక్కుంటారు.